టీవీ పని తగ్గిన షాపు దేని మీద నిలబడాలి: ఏసీ బోర్డులా, చెరువుల ప్యానెళ్ళా?

కావలి బెంచీ

కావలి, కందుకూరు లాంటి ఊళ్ళలో ఒక మెకానిక్కు, ఒక హెల్పరు ఉన్న షాపు సంగతి అడుగుతున్నా. 32 ఇంచుల టీవీ తెచ్చినవాడు రేటు వినగానే "ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తది గదా" అని ఎత్తుకెళ్తున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పెద్ద సైజుల్లోనూ ఇదే మాట మొదలైంది. మిక్సీలు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లతో షాపు అద్దె గడవదు. చేతిలో ఒక లక్ష ఉంటే ఇన్వర్టర్ ఏసీ బోర్డుల బెంచీ పెట్టాలా, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్ల కంట్రోల్ ప్యానెళ్ళు, ఆటో స్టార్టర్లు పట్టుకోవాలా? రెండూ చెయ్యమని మాత్రం చెప్పొద్దు, ఒక మనిషితో సాగదు.

ట్రంకురోడ్డు ఐపీఎం

ఏసీ బోర్డే. టీవీ పోతే కొత్తది కొనేస్తారు. ఏసీ ఔట్‌డోర్ బోర్డు పోతే అంత తేలిగ్గా ఏసీ మార్చరు, కంపెనీ బోర్డు వేలల్లో ఉంటుంది, మే నెలలో చెప్పిన రోజుకు రాదు. ఆ సందులో ఉంది మన పని.

పద్ధతి చెబుతా. బోర్డు ముట్టుకునే ముందు పెద్ద కెపాసిటర్ల మీద డీసీ కొలవండి. ప్లగ్గు పీకినా 300 వోల్టుల పైన నిలబడి ఉండొచ్చు. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి షార్ట్ చేస్తే ట్రాకు లేచిపోతుంది, కళ్ళలో నిప్పురవ్వ పడుతుంది. 100 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి దించండి. తర్వాత మీటరు డయోడ్ మోడులో పెట్టి ఎర్ర ప్రోబు ఎన్ (డీసీ మైనస్) మీద, నల్లది కంప్రెసర్‌కు పోయే యు, వి, డబ్ల్యు మీద వరసగా పెట్టండి. మూడూ దాదాపు ఒకటే చూపాలి, 0.4, 0.5 అట్లా. ఆ తర్వాత నల్లది పీ (డీసీ ప్లస్) మీద ఉంచి ఎర్రది ఆ మూడింటి మీద. ఎక్కడైనా సున్నా వస్తే కంప్రెసర్‌ను నడిపే పవర్ మాడ్యూల్, అదే ఐపీఎం, షార్టే.

దెబ్బ తినేది ఇక్కడి నుంచి. మాడ్యూల్ మార్చి బిగిస్తారు, పది నిమిషాల్లో మళ్ళీ టప్ మంటుంది. ముందుది ఎందుకు పోయిందో చూడలేదు కాబట్టి. కంప్రెసర్ మూడు వైండింగులు సమానంగా ఉన్నాయా? 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే బాడీకి లీకేజీ ఉందా? మాడ్యూల్‌ను నడిపే గేట్ డ్రైవ్ 15 వోల్టులు ఊగకుండా నిలుస్తున్నాయా? హీట్‌సింక్ పేస్టు ఎండి పొడైతే పూర్తిగా తుడిచి కొత్తది పల్చగా పుయ్యాలి. ఒక స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి పోతే మాడ్యూల్ ఒక పక్క లేస్తుంది, వేడి దిగదు. రెండూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి.

మొదటి కరెంటు కంప్రెసర్ వైర్లు తీసేసి, సీరీస్ బల్బులో ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే బతికినట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకో షార్ట్ ఉంది. అదే బల్బు మీద కంప్రెసర్ తిప్పి చూడొద్దు, వోల్టేజీ పడి ఎర్రర్ కోడు వస్తుంది, లేని ఫాల్టు కోసం రోజంతా వెతుక్కుంటారు. అన్నట్టు, ఇవేవీ మొదలుపెట్టకముందు బోర్డు తిరగేసి చూడండి. బల్లి దూరి రెండు కాళ్ళ మధ్య మాడిపోయి ఉంటే ఫాల్టు ఎక్కడో అదే చూపిస్తుంది.

ఉప్పుగాలి, ఇందుకూరుపేట

అంతా బానే ఉండాది గానీ అన్నా, ఆ బోర్డు నీ బెంచీ మీదికి ఎట్టా వస్తది? ఏసీ మెకానిక్కు విప్పుకొని తేవాలి. గిరాకీ ఆయనది, నీది కాదు. ఆయన కమీషన్ ఆయనకు పోగా నీకు మిగిలేది చూసుకో.

చెరువుల పని అట్టా కాదు. వనామీ రొయ్య వేసినోడికి తెల్లవారుజామున ఏరేటర్ ఆగితే గుండె ఆగినట్టే. రాత్రంతా రొయ్యతో పాటు నీళ్ళలో ఉండే సన్నటి నాచు, ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ తాగేస్తది, పొద్దు పొడిచేదాకా కొత్తది పుట్టదు, డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటేది ఆ టైములోనే. రేటు అడగడు, "ఎప్పుడొస్తావ్" అంటాడు.

పనిలో మర్మం కూడా పెద్దది లేదు. ముందు మూడు ఫేజులు కొలువు. తర్వాత మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, కాంటాక్టరు, నొక్కి చూడు, పాయింట్లు మాడి గుంటలు పడి ఉంటే రుద్దొద్దు, కిట్టు మార్చు. రుద్దితే పైపూత పోయి ఇంకా తొందరగా అంటుకుపోతాయి. ఫేజు పోతే మోటారు ఆపే ప్రివెంటర్ బోర్డు ఊరికే ట్రిప్పు చేస్తుంటే ఫేజు సెన్సింగులో వరసగా ఉండే పెద్ద విలువ రెసిస్టర్లు కొలువు, ఒకటి ఓపెన్ అయితే ఫేజు ఉన్నా లేదనుకుంటది. రిలే కాయిలు, సప్లై కెపాసిటరు, అంతే. 2 హెచ్‌పీ త్రీఫేజు మోటారు ఫుల్ లోడులో 3.5 ఆంపియర్లు అటూఇటూ తీసుకుంటది. కరెంటు ఎక్కువైతే మోటారు ఆపే ఓవర్‌లోడ్ రిలే, మోటారు నేమ్‌ప్లేటు మీద ఉన్న ఆంపియర్‌కే పెట్టాల. వోల్టేజీ తగ్గినప్పుడు ట్రిప్పు అవుతోందని కాపలావాడు నాబు 6కి తిప్పుతాడు, వారంలో వైండింగ్ కాలిపోతది, తిట్లు మాత్రం ప్యానెల్ చేసినోడికి.

ట్రంకురోడ్డు ఐపీఎం

రేటు అడగడు, నిజమే. డబ్బు ఎప్పుడిస్తాడో అదీ చెప్పు. రొయ్యల పట్టుబడి అయ్యాక. రొయ్య రేటు పడిపోయినా, వైట్‌స్పాట్ రోగం వచ్చినా నీ బాకీ చెరువులోనే. ఏసీ మెకానిక్కు బోర్డు తీసుకెళ్ళేటప్పుడే డబ్బు పెడతాడు. పైగా రాత్రి రెండింటికి బైకు మీద గట్ల వెంట పోయేదెవరు?

ఒంగోలు పాతకాపు

ఇద్దరూ టీవీని అప్పుడే పాడె ఎక్కించారు. బొమ్మ లేదు, మాట వస్తోంది, చీకట్లో టార్చి వేస్తే తెర మీద నీడ కనిపిస్తోంది అంటే తెర వెనక ఎల్ఈడీ స్ట్రిప్పుల బ్యాక్‌లైటు పోయినట్టు. ఇది ఇప్పటికీ అన్నం పెట్టే పనేనండీ, చేసే తీరు తెలియాలంతే.

మాడిన ఒక్క ఎల్ఈడీ మార్చి పంపితే నెలకు పక్కది పోతుంది. స్ట్రిప్పుల సెట్టు మొత్తం మార్చాలి. కొనేముందు పాత స్ట్రిప్పు ఎల్ఈడీ టెస్టరు మీద పెట్టి ఒక్కో లైటు 3 వోల్టులదా, 6 వోల్టులదా తేల్చుకోవాలి. పొడవు సరిపోయిందని రెండో రకం వేస్తే డ్రైవరు ప్రొటెక్షన్‌లోకి పోతుంది, లేదా కొత్త స్ట్రిప్పే మాడుతుంది. తర్వాత డ్రైవరు దగ్గర పక్కపక్కన సమాంతరంగా ఉండే, కరెంటు కొలిచే సెన్సు రెసిస్టర్లలో ఒకటి తీసేస్తే కరెంటు తగ్గుతుంది. ఐదో వంతు మించి తగ్గించొద్దు, బొమ్మ మసకేస్తుంది. మెనూలో బ్యాక్‌లైటు 70 దగ్గర పెట్టి ఇవ్వండి. తెర ప్యానెల్ లేపేటప్పుడు ఇద్దరు మనుషులు కావాలి, అంచున ఉండే సన్నటి ఫిల్ములు ఒక్కటి చిరిగినా టీవీ మొత్తం పోయినట్టే. షీట్లు ఏ వరసలో తీశారో ఫోన్లో ఫొటో తీసుకోండి.

నిలువు గీతల ప్యానెల్ వస్తే మాత్రం దండం పెట్టి పంపేయండి. దానికోసం ఆ ఫిల్ములు అతికించే బాండింగ్ మెషీను కొంటే ఈ రెండు జిల్లాల గిరాకీతో వడ్డీ కూడా రాదని నా లెక్క.

కనిగిరి వైపు

మా వైపు చెరువులూ లేవు, అన్ని ఏసీలూ లేవు. ఫ్లోరైడు పుణ్యమా అని ఊరికో ఆర్వో ప్లాంటు, పొలానికో బోరు స్టార్టరు ఉన్నాయి. ఎక్కడి గిరాకీ అక్కడిది, ఊరు చూడకుండా తేల్చే ప్రశ్న కాదిది.

కావలి బెంచీ

సరే, రెండు అనుమానాలు. ఉప్పు పట్టి పచ్చబడిన బోర్డు కడిగి కోటింగ్ వేస్తే నిలుస్తుందా? గ్యారంటీ ఎంతకాలం ఇవ్వాలి?

ఉప్పుగాలి, ఇందుకూరుపేట

నిలుస్తది, కడిగేది సరిగా కడిగితే. ఉప్పు నీళ్ళలో కరుగుతది, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాలు)లో సరిగా కరగదు. కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటరు, మెత్తటి బ్రష్షు, ఆ తర్వాత ఐపీఏ. 60 డిగ్రీల్లో గంటకు తక్కువ కాకుండా ఆరబెట్టు, రిలేల్లో నీళ్ళు చేరితే ఇంకాసేపు. తడి మీద, ఫ్లక్సు మీద కోటింగ్ కొడితే కింద తుప్పు తినేస్తూనే ఉంటది, పైకి నిగనిగలాడతది. కనెక్టర్లకు, హీట్‌సింక్ ఆనే చోటికి ముందే టేపు అంటించు.

ట్రంకురోడ్డు ఐపీఎం

మార్చిన పార్టుకు 3 నెలలు, బోర్డు మొత్తానికి కాదు. స్లిప్పు మీద పార్టు పేరు రాయండి, పాతది కవర్లో పెట్టి ఇవ్వండి. వీధిలో న్యూట్రల్ తెగి 400 వోల్టులు వస్తే హై వోల్టేజీ దెబ్బ కాచుకునే వేరిస్టరు పగిలి, ఫ్యూజు నల్లగా మాడి ఉంటుంది. అది గ్యారంటీలోకి రాదని ముందే రాయాలి. ఫ్యూజు ఒక్కటి మార్చి, పగిలిన వేరిస్టరు పీకేసి ఖాళీగా పంపేవాళ్ళు ఉన్నారు, రెండోసారి దెబ్బ తగిలితే బోర్డు మిగలదు.

కావలి బెంచీ

అయితే ఏసీ సీజను అయ్యేదాకా బోర్డులు చూస్తా, చెరువుల పని జూన్ తర్వాత.

ఉప్పుగాలి, ఇందుకూరుపేట

చెరువోళ్ళు జూన్ దాకా ఆగరు. రెండు స్పేరు ప్యానెళ్ళు కట్టి షాపులో పెట్టుకో. ఫోనొస్తే అది హెల్పరుతో పంపు, చెడిపోయినది బెంచీ మీదికి తెప్పించుకో. నువ్వు చెరువు గట్ల మీదికి పోయే పనే ఉండదు. స్పేరుకు అడ్వాన్సు తీసుకుంటే పట్టుబడి దాకా ఎదురుచూసే బాధ కూడా తగ్గుతది.

ట్రంకురోడ్డు ఐపీఎం

అది ఒప్పుకుంటా. హెల్పరు మాత్రం మెయిన్ తీశాక టెస్టరు మీద కాదు, మీటరుతో మూడు ఫేజులూ సున్నా అని చూశాకే వైరు ముట్టాలి. ఇంకోటి, పంపేముందు ఓవర్‌లోడ్ నాబు మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టు. చుక్క పగిలి వస్తే ఎవరు తిప్పారో అడగక్కర్లేదు.