‘బహుపరాక్’ పొగడ్తా, హెచ్చరికా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా ధర్మరాజుల గుడి దగ్గర రాత్రి భారతం నాటకంలో దుర్యోధనుడు సభకు వచ్చే ముందు ‘రాజాధిరాజ, రాజమార్తాండ, బహుపరాక్’ అని గట్టిగా అరిచారు. పరాకు అంటే ధ్యాస లేకపోవడమే కదా! రాజు ఎదురుగా నిలబడి ఆ మాట ఎట్లా అంటారు?

జవాబు (తిరుపతి నుంచి):
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. ‘పరాకున వినలేదు’ అంటే ఏమరుపాటు. కానీ అదే పరాకుకు ‘జాగ్రత్త’ అనే అర్థం కూడా ఉంది, నిఘంటువులు రెండూ ఇస్తాయి. రాజు దగ్గర వాడేది ఆ రెండోది.

ఈ కేక వేసేవాణ్ణి కట్టియవాడు అంటారు. చేతిలో బెత్తం పట్టుకుని రాజు ముందు నడిచేవాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, రాజనగరు వాకిలి దగ్గర కావలివాళ్లు తోలు కొరడాలు, కర్రలు పట్టుకుని ఉండేవాళ్లని, దండనాయకుల్ని, పని ఉన్నవాళ్లని తప్ప ఎవరినీ లోపలికి వదిలేవాళ్లు కాదని రాశాడు. చంద్రగిరి కోటకు వెళ్లినప్పుడల్లా నాకు రాజమహల్ కంటే ముందు ఈ వాకిలి మనుషులే గుర్తొస్తారు. వాళ్ల నోటి మాటగా చూస్తే బహుపరాక్ అర్థం తేలిపోతుంది. ముందు వచ్చే బిరుదులు పొగడ్త, చివర వచ్చే బహుపరాక్ డ్యూటీ. రాజు వస్తున్నాడు, దారి వదలండి, ఒళ్లు దగ్గర పెట్టుకోండి అని జనానికి. అడుగు చూసుకుని వేయండి ప్రభూ అని రాజుకు.

మన పక్కనే ఉన్న కన్నడంలో మాత్రం ఈ మాట వేరే దారి పట్టింది. మైసూరు ప్యాలెస్‌లో దసరా దర్బారుకు ఇప్పటికీ బహుపరాక్ చెప్తారు. కన్నడ పేపర్లో ‘బహుపరాక్’ అంటే జేజేలు, మెచ్చుకోలు. మన పేపర్లో ‘ఓటరన్నా, బహుపరాక్!’ అంటే జాగ్రత్తగా ఉండమని. వాళ్లకు పొగడ్త మిగిలింది, మనకు కావలివాడి అరుపు మిగిలింది. నాకైతే మనదే అసలు పనికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

‘హెచ్చరిక’ కూడా ఈ కుదురుదే. దేవుణ్ణి రాజుగా కొలిచే భజన సంప్రదాయంలో స్వామిని మెల్లగా నడిపిస్తూ పాడే పాటలకు హెచ్చరికలు అనే పేరుంది. కావలి కేక అంత మెత్తని పాటగా మారడం ఎంత గొప్ప సంగతి!

ఇంకొకరు:
అక్కా, తమిళుల వీధినాటకం తెరుక్కూత్తులో కట్టియక్కారన్ ఉంటాడు. రాజుల రాక చెప్పేదీ వాడే, జనాన్ని నవ్వించేదీ వాడే. మద్రాసు హైకోర్టులో జడ్జీల ముందు ఇప్పటికీ వెండి దండం పట్టుకుని చోప్‌దారు నడుస్తాడు.

జవాబు:
చాలా బాగా కలిపారు. పలమనేరు, కుప్పం వైపు వాళ్లు ఉంటే చెప్పండి. మీ ఊరి భారతంలో తెర తీసేటప్పుడు బహుపరాక్ అంటారా, ఇంకేదైనా మాట ఉందా? ఉన్నది ఉన్నట్టు, మీ యాసలోనే రాయండి.