దివిసీమ ముప్పు లెక్క: ఇంకా 1977 ఉప్పెనే కొలబద్దా?

లంకరైతు:
మా పంచాయతీలో విపత్తు ప్రణాళిక రాస్తున్నారు. ఏ ముప్పుకు ఎన్ని మార్కులో పట్టిక నింపాలి. ఉప్పెనకే మొదటి స్థానం ఇవ్వాలని పెద్దవాళ్ల పట్టు. 1977 నవంబర్ 19 న సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు, కాదనను. కానీ 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటితే ముందే జనాన్ని తరలించారు కాబట్టి మృతులు వెయ్యిలోపే. ఏటా మమ్మల్ని ముంచేది నది, వాన. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరద కంటే ఎక్కువ. నా ఓటు వరదకే. మీరేమంటారు?

పాతదివి:
ఒప్పుకోనండీ. దాదాపు యాభై ఏళ్లుగా అంత ఉప్పెన రాలేదు కాబట్టి ఇక రాదనుకుంటే ఎలా? 1977 తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తుపానులు తీరం దాటేటప్పుడు, అవి నడిచే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఆ కుడి పక్కనే దివిసీమ ఉంది. సుమారు 5 మీటర్ల కెరటం అలా వచ్చిందే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ ఎక్కడ దాటింది? బాపట్లకు దక్షిణంగా, దాదాపు అదే చోట! గాలి గంటకు 90-100 కిలోమీటర్లు కాబట్టి వరి పడిపోవడంతో సరిపోయింది. 1977 లో దానికి రెట్టింపు. దారి అదే, బలం తగ్గింది, అంతే. ఈ అదృష్టానికి మార్కులు వేస్తారా?

ఎదురుమొండి_వాసి:
మీ ఇద్దరూ ఏ ఊరికి మార్కులేస్తున్నారో చెప్పండి ముందు. కట్టకు లోపలున్న ఊరూ, పంటు (జనాన్ని, బళ్లను దాటించే పడవ) ఎక్కితే తప్ప బయటపడలేని మా దీవీ ఒకే గడిలో పడితే ఆ కాగితం దేనికి? గాలి ముదిరితే పంటు ఆపేస్తారు. హెచ్చరిక రెండు రోజుల ముందే వచ్చినా, కదలాల్సింది పంటు ఆగకముందే. ఆ టెన్షన్ రోడ్డున్న ఊళ్లకు తెలీదు.

కౌలు_కష్టం:
అసలు మీ లెక్కలో మనిషి చస్తేనే ముప్పు. చావులు సున్నా అయితే ‘తక్కువ’ అని రాసేస్తారు. నవంబర్‌లో కంకి బరువెక్కాక చేను పడుకుంటే నాకు మిగిలేది అప్పే. 33 శాతానికి పైగా దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ, అదీ కౌలు రైతునని చూపే కౌలు కార్డుంటేనే. కార్డుకు భూమి యజమాని సంతకం పెట్టాలి, అది అడగడమే పెద్ద పని. గుర్రపు డెక్క పట్టిన డ్రెయిన్లో నీళ్లు కదలవు, పోటు సమయంలో సముద్రం ఎగదన్నుతుంది. దీనికి ఏ పేరు పెడతారు? తుపానా, వరదా?

పాతదివి:
మీ బాధ నిజమే. అయితే దాన్నీ ఉప్పెననీ కలిపి ఒకే అంకె చేస్తేనే గొడవ. ఏటా వచ్చే నష్టం పెద్దదిగా కనిపించి, ఎప్పుడో వచ్చేది కింద పడిపోతుంది. ప్రాణాలకు ఒక పట్టిక, బతుకుతెరువుకు ఇంకొకటి పెట్టమనండి. మొదటిదాంట్లో తుపాను షెల్టర్, పంటు, మంచాన పడ్డ ముసలివాళ్లను ఎవరు మోస్తారు అన్నవి. రెండోదాంట్లో డ్రెయిన్, కౌలు కార్డు.

లంకరైతు:
రెండు పట్టికలంటే బాగానే ఉంది, నిధులు మాత్రం ఒక్కదానికే వస్తాయి కదా. అప్పుడు షెల్టర్ మరమ్మతా, డ్రెయిన్ పూడికతీతా? నేనైతే ఇప్పటికీ డ్రెయినే అంటాను.

ఎదురుమొండి_వాసి:
మీ ఊరికి డ్రెయిన్ తీసుకోండి. మాకు మాత్రం పంటు ఆపే ముందు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో, ఎవరు నడుపుతారో ప్రణాళికలో రాయించండి. దానికి నిధులు కూడా అక్కర్లేదు.