ఓపెన్ సోర్స్ టూల్స్‌తో చేసిన పెన్‌టెస్ట్ రిపోర్టు చెల్లదా?

పాతకీబోర్డు:
ఒక వెబ్ అప్లికేషన్‌కి పెన్‌టెస్ట్ (అనుమతి తీసుకుని దాడి చేసి లోపాలు వెతికే పరీక్ష) చేసి రిపోర్టు ఇచ్చాం. క్లయింట్ తిప్పి పంపారు. వాడిన టూల్స్ జాబితాలో ఎన్‌మ్యాప్, జాప్, ఎస్‌క్యూఎల్‌మ్యాప్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) టూల్స్ ఉన్నాయట. "అన్నీ ఫ్రీవే కదా, లైసెన్స్ ఉన్న స్కానర్ రిపోర్టు జత చేయండి" అని మెయిల్. రిపోర్టులో మొదటి అంశం ఏంటో చెప్తాను. కస్టమర్ లాగిన్ అయి తన ఇన్‌వాయిస్ తెరిచి, అడ్రస్ బార్‌లో చివరి అంకె మారిస్తే ఇంకొకరి ఇన్‌వాయిస్ వస్తోంది. పేరు, ఫోన్ నంబరు, కొన్న వస్తువులు, అన్నీ. దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. ఇదేం పద్ధతి?

గేట్‌వే78:
క్లయింట్ అడిగింది సబబే. డబ్బు తీసుకుని పని చేసేవాళ్లు ఊరికే దొరికే టూల్స్‌తో సరిపెడతామంటే ఎలా? మా దగ్గర ఒక టీమ్ ఎన్‌మ్యాప్ నడిపి, తెరిచి ఉన్న పోర్టులు (సర్వర్‌లోకి వెళ్లే నంబరు వేసిన దారులు) చూసి అంతా బాగుందని రాసిచ్చింది. తర్వాత చూస్తే ఒక పెద్ద నంబరు పోర్టులో డేటాబేస్ అడ్మిన్ పేజీ తెరిచి ఉంది. పాస్‌వర్డ్ కూడా లేదు.

రాత్రిబండి:
ఎన్‌మ్యాప్ మామూలుగా చూసేది ఎక్కువగా వాడే 1000 టీసీపీ పోర్టులే. 65,535 చూడమని మనమే చెప్పాలి. ఆడలేక మద్దెల ఓడు.

గేట్‌వే78:
అదే నేనూ అంటున్నది. కొన్న స్కానర్ అయితే అలా వదిలేయదు.

రాత్రిబండి:
వదిలేస్తుంది. అందులోనూ డిఫాల్ట్ పోర్టుల జాబితా పరిమితమే. సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడండి.

పాతకీబోర్డు:
గేట్‌వే గారూ, మీరు నమ్మే కొన్న స్కానర్లలో ఒకటైన నెస్సస్ 1998లో ఓపెన్ సోర్స్‌గానే పుట్టింది. 2005లో మూసేశారు. అంతకుముందు కోడ్ నుంచి వచ్చిందే ఓపెన్‌వాస్ అనే ఓపెన్ సోర్స్ స్కానర్. దాడులు చేసి చూసే టూల్ మెటాస్‌ప్లాయిట్‌ని 2009లో రాపిడ్7 కంపెనీ కొనుక్కుంది, ఫ్రేమ్‌వర్క్ కోడ్ ఇప్పటికీ తెరిచే ఉంది. కోడ్‌కి తాళం వేయగానే నాణ్యత వచ్చేస్తుందా? పైగా నా ఇన్‌వాయిస్ సంగతి మామూలుగా ఏ స్కానరూ పట్టుకోదు. సర్వర్ 200 (అంటే "సరే") అని జవాబిచ్చింది, పేజీ వచ్చింది, స్కానర్ దృష్టిలో అంతా సవ్యమే. ఆ ఇన్‌వాయిస్ ఎవరిదో దానికెలా తెలుస్తుంది? రెండు అకౌంట్లు పెట్టుకుని మనిషి కూర్చుని చూడాలి.

బైట్‌బాబు:
చిన్న సవరణ. 2005లో మూసింది నెస్సస్ 3. రెండో వెర్షన్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లోనే ఉండిపోయింది.

పాతకీబోర్డు:
సరే బాబూ, నేనన్నది అదే కదా.

బైట్‌బాబు:
"మూసేశారు" అంటే మొత్తం మూసేసినట్టు వినిపిస్తుంది. అందుకే చెప్పాను.

ప్యాచ్‌పిల్ల:
రిపోర్టులు అందుకునే వైపు నుంచి ఒక మాట. ఫ్రీ స్కానర్ అయినా, పెయిడ్ స్కానర్ అయినా మాకు వచ్చే తలనొప్పి ఒకటే. రెడ్ హ్యాట్ 7 (ఒక లినక్స్) సర్వర్ బ్యానర్‌లో, అంటే అది తన వెర్షన్ చెప్పే వరసలో, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.4 అని కనపడగానే ఎర్ర రంగులో వరసగా సీవీఈలు (తెలిసిన లోపాల నంబర్లు) పెడతారు. రెడ్ హ్యాట్ వాళ్లు వెర్షన్ నంబరు మార్చకుండానే పాత ప్యాకేజీలోకి ఫిక్స్ తెచ్చి పెడతారు. ఆ ప్యాకేజీ మార్పుల జాబితా (ఆర్‌పీఎం చేంజ్‌లాగ్) తీస్తే ఏ సీవీఈ సరిచేశారో రాసి ఉంటుంది. స్కానర్‌కి సర్వర్ లాగిన్ ఇచ్చి లోపలి నుంచి స్కాన్ చేయించుకుంటే ఈ గోలలో చాలా భాగం ఉండదు. ఎవరూ అడగరు. మేము ఒక్కోదానికి ఎక్సెల్‌లో సంజాయిషీ రాస్తూ కూర్చోవాలి.

మౌనసాక్షి:
అసలు ఇలాంటి టూల్స్ అందరికీ ఊరికే ఇవ్వడమే తప్పు. దొంగల చేతికి తాళాలిచ్చినట్టు.

రాత్రిబండి:
1995లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా సాటన్ అనే స్కానర్ విడుదల చేసినప్పుడూ ఇదే మాట అన్నారు. దాడులు అనుకరించే టూల్ కోబాల్ట్ స్ట్రైక్ డబ్బు పెట్టి కొనాల్సిందే, కోడ్ మూసే ఉంది. దాని క్రాక్ కాపీలతో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే) ముఠాలు ఏం చేశాయో చూశాం. దీనికి వేరే చర్చ పెట్టుకోండి.

గేట్‌వే78:
అందరూ కలిసి నాకే పాఠం చెప్తున్నారు. నువ్వు ఈ టూల్స్ అన్నీ ముందే ఉండే కాలీ లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకుని నాలుగు కమాండ్లు కొట్టి రిపోర్టు అమ్ముకుంటావు. రేపు ఏదన్నా అయితే బోర్డు ముందు నిలబడేది నేను.

పాతకీబోర్డు:
"నువ్వు" ఏంటండీ? నేను మీ దగ్గర పని చేయడం లేదు. నాలుగు కమాండ్లే అయితే మీరే కొట్టుకోవచ్చుగా, మమ్మల్ని పిలవడం దేనికి?

ప్యాచ్‌పిల్ల:
ఇద్దరూ కాస్త తగ్గండి.

గేట్‌వే78:
మీరు అనే అంటాను, కానీ మాట మారదు. మా దగ్గర డేటా బయటికి పోయినప్పుడు మీటింగ్‌లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఏ టూల్ వాడారు?" అని. ఫ్రీ టూల్స్ అన్నాను. ఆ తర్వాత నా మాట ఎవరూ వినలేదు. రిపోర్టులో ఏముందో ఒక్కరూ తెరిచి చూడలేదు. అక్కడ పేరున్న ప్రాడక్ట్ ఒకటి చెప్పి ఉంటే ఆ ప్రశ్న అంతటితో ఆగేది. మీ క్లయింట్ కూడా ఆ మీటింగ్‌కి భయపడే అడుగుతున్నాడు.

పాతకీబోర్డు:
అంటే మీకు కావాల్సింది టెస్టింగ్ కాదు, తప్పు మోపడానికి ఒక పేరు.

గేట్‌వే78:
అవును, అదీ కావాలి. మీ కాంట్రాక్టులో ఏముంటుంది? "నిర్ణీత కాలంలో మా శక్తి మేరకు పరీక్షించాం, అన్ని లోపాలూ దొరికాయని హామీ లేదు." మీరు చేతులు దులుపుకోవచ్చు, నేను మాత్రం దులుపుకోకూడదా?

రాత్రిబండి:
స్కానర్ కంపెనీ లైసెన్స్ పత్రం చదివారా? వాళ్లు కూడా ఏ హామీ ఇవ్వరు.

గేట్‌వే78:
చదివాను. బోర్డులో ఎవరూ చదవరు. నాకు అదే చాలు.

పాతకీబోర్డు:
మా రిపోర్టులో ఆ వాక్యం ఎందుకుంటుందో కూడా చెప్పాలి. స్కోప్ (ఏవేవి పరీక్షించాలన్నది) నిర్ణయించేది క్లయింట్. ఈసారి కూడా పేమెంట్ సర్వర్ జోలికి వెళ్లొద్దు, ప్రొడక్షన్ ఆగిపోతుందన్నారు. చూడనివ్వని సర్వర్‌కి నేను పూచీ ఎలా పడతాను? ఏ సర్వర్ చూడలేదో, ఎవరు వద్దన్నారో రిపోర్టులో పేరుతో సహా రాయనిస్తే బాధ్యతలో నా వాటా నేను తీసుకుంటాను. మీరైతే రాయనిస్తారా?

గేట్‌వే78:
పేరుతోనా? మా లీగల్ వాళ్లు ఒప్పుకోరు.

ప్యాచ్‌పిల్ల:
ఇంతసేపూ కొట్టుకున్నది దీని గురించే అన్నమాట.

పాతకీబోర్డు:
సరే, స్కానర్ రిపోర్టు అనుబంధంగా పెట్టి పంపుతాను. ఇన్‌వాయిస్ విషయం మాత్రం మొదటి పేజీలోనే ఉంటుంది, స్క్రీన్‌షాట్లతో సహా.

గేట్‌వే78:
లాగిన్ ఇచ్చి స్కాన్ చేయండి. ఉత్త బ్యానర్లు చూసి పెట్టిన సీవీఈల పట్టిక పంపితే నేనైనా తిప్పి పంపుతాను.

బైట్‌బాబు:
ఓపెన్‌వాస్‌ని ఇప్పుడు నడిపేది గ్రీన్‌బోన్ అనే కంపెనీ, అది కూడా గమనించగలరు.