హైస్కూలు పిల్లలు అర్ధరాత్రి దాటేదాకా చదవడం అవసరమా?

వేకువ:
మా అమ్మాయికి పదహారేళ్లు. అన్నింటా ముందుండాలన్న పట్టుదల తనదే, మేము ఒత్తిడి చేయలేదు. బడి, ప్రవేశ పరీక్షల శిక్షణ, వక్తృత్వ పోటీలు ముగిసేసరికి రాత్రి పదవుతుంది, హోంవర్క్ అప్పుడు మొదలవుతుంది. మొన్న తెల్లవారుజామున చూస్తే బల్ల మీదే నిద్రపోయి ఉంది. పెన్ను మూత తీసే ఉంది. ఒకే లెక్కను రెండుసార్లు చేసింది, రెండోసారి రుణ గుర్తు జారిపోయింది, చివరి అంకె నుంచి సిరా గీత కాగితం అంచుదాకా పాకింది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో సూచించింది. మా అమ్మాయికి దక్కేది ఐదు గంటలే. ఇంత పని ఇవ్వడం తప్పా, ఎత్తుకోవడం తప్పా?

లెక్కల మాస్టారు:
ఎనిమిది గంటలన్నది అందరికీ ఒకే కొలత ఎలా అవుతుందండీ? నేను రెండింటిదాకా చదివి పైకి వచ్చినవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. పిల్లల నిద్ర తినేది హోంవర్క్ కాదు, ఫోను.

నిదానం:
ఆవిడ ఫోను మాటే ఎత్తలేదు, మాస్టారూ.

రాత్రిపక్షి:
కౌమారంలో నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది కనుక, తొమ్మిదింటికే పడుకోమన్నా వారికి నిద్ర పట్టదు. పొద్దున్నే మోగే బడిగంట మాత్రం ఆగదు. సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల ప్రారంభ వేళను 7:50 నుంచి 8:45కు జరిపినప్పుడు, మణికట్టు పరికరాలతో కొలిచి చూస్తే విద్యార్థుల నిద్ర 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియాలో 2022 జూలై నుంచి చాలా హైస్కూళ్లు 8:30కు ముందు మొదలుకాకూడదన్న చట్టం అమల్లో ఉంది.

లెక్కల మాస్టారు:
34 నిమిషాలు! దానికోసం ఊరంతా వేళలు మార్చుకోవాలా? అరగంట నిద్రతో ఎవరి ర్యాంకు మారింది?

రాత్రిపక్షి:
ర్యాంకు సంగతి నన్ను అడగండి. చివరి ఏడాది రోజుకు నాలుగు గంటల నిద్రతో, కాఫీ మీద నెట్టుకొచ్చాను. ఆఖరి పరీక్షలో ప్రశ్నపత్రం చదువుతూనే కునుకుపట్టింది. పర్యవేక్షకురాలు భుజం తట్టి లేపేసరికి పావుగంట పోయింది. పగలు నేర్చినది జ్ఞాపకంగా కుదురుకునేది నిద్రలోనేనని ఆ ఏడాదంతా ఒక్క ఉపాధ్యాయుడూ చెప్పలేదు. మీలాంటివారు నిద్రపోయేవాణ్ణి సోమరి అనడమే విన్నాను.

లెక్కల మాస్టారు:
నేనెవరినీ సోమరి అనలేదు. నిద్ర మానుకొని నేను సంపాదించుకున్నదంతా దండగ అని మీరే అంటున్నారు. ఆ రాత్రులు లేకుంటే నాకు ఈ ఉద్యోగం లేదు. నేను రోజుకు నలభై లెక్కలిస్తాను, నిజమే. నేను ఇరవైకి తగ్గిస్తే పక్క సెక్షన్‌లో తగ్గిస్తారా? ఫలితాలు పడిపోతే నిలదీసేది నన్నే. అప్పుడు మీ మెలటోనిన్ నా తరఫున వచ్చి జవాబు చెప్పదు.

నిదానం:
ఇప్పటికి అసలు విషయం బయటపడింది.

వేకువ:
అయితే నలభై ఎక్కువని మీకూ తెలుసునన్నమాట. అదే రోజున తక్కిన సబ్జెక్టులవారు ఎంత పని ఇచ్చారో ఎప్పుడైనా కనుక్కున్నారా? మిమ్మల్ని ఒక్కరినే తప్పుపట్టలేను లెండి. వక్తృత్వ పోటీలు మానమంటే మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు; తాను ఆగితే తక్కినవారు ఆగరట. మీరు పక్క సెక్షన్ గురించి చెప్పినదీ, తాను చెప్పినదీ ఒక్కటే.

లెక్కల మాస్టారు:
కనుక్కోలేదు. ఆ లెక్క రెండుసార్లు చేసిందన్నారు కదా, ఏ వేళకు చేసిందో తెలుసా?

వేకువ:
తను మార్జిన్‌లో వేళ వేసుకుంటుంది. మొదటిసారి పదకొండుంపావుకు, జవాబు సరిగ్గానే వచ్చింది. రెండోదాని పక్కన వేళ లేదు. ఎప్పుడు చేశావని అడిగితే, అసలు రెండోసారి చేసినట్టే గుర్తు లేదంది.