ఐసీయూలో నాన్నగారు, ఉపవాసంలో అమ్మ: వైద్యుల మాట ఆమెకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (రామంతాపూర్ వాసి)

మా నాన్నగారు మెదడులో రక్తస్రావం కారణంగా నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టే స్థితికి ఆయన వచ్చే అవకాశం చాలా తక్కువని వైద్యులు నాతోనూ, మా అన్నయ్యతోనూ చెప్పారు. ఆ మాట అమ్మకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ చాలడం లేదు. ఇప్పుడు గొంతు కింద చిన్న రంధ్రం చేసి శ్వాస గొట్టాన్ని అక్కడి నుంచి అమర్చాలని, అంటే ట్రెకియాస్టమీ చేయాలని, సంతకం అడుగుతున్నారు. "మెడ మీద కత్తి పెట్టనిస్తే స్వామి మీద నమ్మకం వదులుకున్నట్టే" అని అమ్మ ఒప్పుకోవడం లేదు.

అమ్మ చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి, నాన్న ఇంటికి వస్తే 108 చేస్తానని మొక్కుకున్నారు. అంతవరకైతే నాకు ఏ చింతా లేదు. కానీ నాన్న కళ్లు తెరిచేదాకా అన్నం ముట్టనని కూడా మొక్కుకొని, ఇన్సులిన్ వేసుకునే మనిషి అయి ఉండి, వెయిటింగ్ హాలులో టీ నీళ్లతో గడుపుతున్నారు. వచ్చిన బంధువులు తలా ఒక గుడి తీర్థం, విభూతి, తాయెత్తు తెచ్చి లోపలికి పంపమంటున్నారు. గండం గట్టెక్కాలంటే అమావాస్య లోపల మృత్యుంజయ హోమం జరగాలని చెప్పి, ఒక జ్యోతిష్కుడు ఐసీయూ ఒక రోజు బిల్లును మించిన మొత్తం అడిగాడు. దీనికి తోడు, నాన్న తన వేలు గట్టిగా పట్టుకున్నారని, స్వామి విన్నాడని అమ్మ నిన్నటి నుంచి అందరికీ ఫోన్ చేసి చెబుతున్నారు.

నాకు భక్తి అంతంత మాత్రమే. అందుకని నేనేం చెప్పబోయినా "నీకు నమ్మకం లేదు కాబట్టి అలా అంటావు" అన్న మాటతో సంభాషణ ఆగిపోతోంది. ఆమె విశ్వాసానికి దెబ్బ తగలకుండా అసలు పరిస్థితిని ఎలా తెలియజేయాలో, ఇలాంటి దశను దాటినవారు చెప్పగలరా?

సమాధానం 1 (ఐసీయూ నర్సు)

ముందు అమ్మగారి ఆరోగ్యం చూడండి. భోజనం మానేసి ఇన్సులిన్ మామూలు మోతాదులో వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే విపరీతంగా పెరుగుతుంది. ఆమె చూపించుకునే డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి, తింటున్నది ఇంతే అని చెప్పి, మోతాదు కనుక్కోండి. రోగి కోసం వచ్చిన అటెండెంటును స్ట్రెచర్ మీద ఎమర్జెన్సీకి తీసుకుపోవడం మాకు కొత్త కాదు.

లోపలికి ఏం తేవచ్చన్న దాని మీద ప్రతి ఐసీయూ గుమ్మం దగ్గరా వాదనలు జరుగుతాయి. వాటిలో చాలావరకు ముందుగా అడగకపోవడం వల్ల వచ్చేవే. తీర్థం నోట్లో పోయనివ్వము, ఎందుకంటే మింగే స్పృహ లేని మనిషికి చెంచాడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చిపెట్టగలవు. ఆహారం ఎక్కించే ముక్కు గొట్టంలో పోయమని బతిమాలేవారు ఉంటారు, అదీ కుదరదు. విభూతి పొడి గొట్టాల మీద రాలకుండా, నుదుట వేలికొనతో చిన్న బొట్టు పెట్టనిస్తాము. తాయెత్తు చేతికి కట్టవద్దు: చెయ్యి వాచినప్పుడు దారం బిగుసుకుంటుంది, సెలైన్ సూదికి అడ్డం వస్తుంది. ప్లాస్టిక్ కవరులో వేసి ఇస్తే దిండు పక్కన ఉంచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆక్సిజన్ నడిచే చోట అగరుబత్తి, కర్పూరం మాట ఎత్తనే వద్దు.

విష్ణు సహస్రనామం ఫోనులో తక్కువ శబ్దంతో వినిపిస్తామని ఇన్‌ఛార్జి సిస్టరును అడిగితే సాధారణంగా కాదనరు. నన్నడిగితే, రికార్డింగు కంటే అమ్మగారే మంచం పక్కన నిలబడి చదవడం మేలు. ఆయనకు వినిపిస్తుందా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేరు. అయినా దొరికిన ఆ కాస్త విజిటింగ్ సమయాన్ని మానిటర్‌లో అంకెలు చూసి బెదిరిపోవడానికి కాక, ఆయన దగ్గర ఉండడానికి వాడుకున్నవారవుతారు.

సమాధానం 2 (విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, మల్కాజిగిరి)

ఉపవాస విషయంలో శాస్త్రం అమ్మగారి పక్షానే, అంటే ఆమె ఆరోగ్యం పక్షానే, ఉన్నది. "అష్టైతాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః" అని మొదలయ్యే ప్రసిద్ధ శ్లోకం ప్రకారం నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అనే ఎనిమిదింటి వల్ల వ్రతభంగం జరగదు. ఆమె అన్నం ముట్టనన్నారే గానీ పాలు, పండ్లు ముట్టనని మొక్కుకోలేదు కదా. మధుమేహం ఉన్నవారికి వైద్యుడు వేళకు తినమన్నది ఔషధం కిందికే వస్తుందని నేను నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఈ శ్లోకం మీరు వెళ్లి వినిపిస్తే ప్రయోజనం లేదు, ఆమె గురి కుదిరిన అయ్యగారి చేత చెప్పించండి.

హోమం గురించి. మృత్యుంజయ మంత్రం ఋగ్వేదం ఏడవ మండలంలో 59వ సూక్తంలోని 12వ మంత్రం. దానిని ఇంట్లోనో, ఆ వెయిటింగ్ హాలులోనో భక్తితో జపించుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు. శక్తి ఉన్నవారు హోమం చేయించుకుంటే నేను కాదనను, కానీ అమావాస్య గడువు పెట్టి, ఆసుపత్రి బిల్లు కోసం అప్పు చేస్తున్న ఇంటిని పిండేవాడికి పురోహితుడనే గౌరవం ఇవ్వలేను. చిలుకూరులో హుండీయే లేదు. వీసాల దేవుడని పేరు పడినా ఆపరేషన్ల కోసం, ఐసీయూలో ఉన్నవారి కోసం తిరిగేవారూ అక్కడ తక్కువేమీ కాదు. పైసా అడగని స్వామికి మొక్కి వచ్చాక ఈ జ్యోతిష్కుడి లెక్క ఎందుకమ్మా అని ఆమెనే అడిగి చూడండి.

సమాధానం 3 (టోలిచౌకి నుంచి)

మాస్టారు చెప్పింది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. మా నానీ (అమ్మమ్మ) ఐసీయూలో ఉన్నప్పుడు రంజాన్ నెల, మా అమ్మీకి షుగర్. రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి రోజా (ఉపవాసం) విషయంలో ఉన్న మినహాయింపు ఖుర్ఆన్ రెండవ సూరాలోనే ఉందని పిల్లలమందరం చెప్పినా వినని మనిషి, మసీదు ఇమామ్ సాబ్ ఫోనులో ఒక్క మాట అనగానే విన్నారు. ఆ తర్వాత ఆమె నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లి దుఆ చేసి, సద్ఖాగా (దానంగా) తన చేత్తో వండిన భోజనాన్ని ఆసుపత్రి బయట జిల్లాల నుంచి వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునే అటెండెంట్లకు పంచుతూ ఉండేవారు. ఆకలితో కూర్చోవడం కంటే అది ఆమెను నిలబెట్టిందని నా నమ్మకం.

నానీ మాకు దక్కలేదు. అమ్మీకి డాక్టర్లు మొదటి నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆమె నమాజు ఒక్క పూట తప్పలేదు. మా ఖాలాకు (అమ్మీ తోబుట్టువుకు) మాత్రం "బాగవుతోంది" అని మేనమామలు చివరిదాకా చెబుతూ వచ్చారు. ఆమె దేవుడిని ఏమీ అనలేదు గానీ, తమ్ముళ్లను ఇంతవరకు క్షమించలేదు.

సమాధానం 4 (నాచారం నుంచి)

అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. 2006లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో ఆరు ఆసుపత్రులలోని 1802 మంది గుండె బైపాస్ రోగులను పరిశీలించారు. తమకోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం, జరగనివారికి 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసినవారిలో అది 59 శాతం. ఇది అమ్మగారికి చదివి వినిపిస్తే సరిపోతుంది.

సమాధానం 5 (క్రిటికల్ కేర్ వైద్యుడు)

పై అంకెలు సరైనవే. అయితే అది అపరిచితులు దూరం నుంచి చేసిన ప్రార్థన గురించిన అధ్యయనం. భర్త మంచం పక్కన నిలబడిన భార్యకు ఆ కాగితం చూపి గెలిచేది ఏముంది? దాన్ని ఇంటికి తీసుకువెళ్లవద్దని నా మనవి.

మీ నాన్నగారి స్కాన్లు నేను చూడలేదు కనుక సాధారణంగా చెప్పగలిగినదే చెబుతాను. ట్రెకియాస్టమీ ఆశ వదులుకోవడం కాదు. నోటి ద్వారా వేసిన గొట్టం రెండు వారాలకు మించి ఉంటే స్వరపేటిక దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. మెడ దగ్గర గొట్టమైతే మత్తుమందు తగ్గించవచ్చు, కఫం తీయడం సులువు, కోలుకున్నవారికి తీసివేస్తే రంధ్రం సాధారణంగా దానంతట అదే మూసుకుంటుంది. అత్యవసరం కానప్పుడు రాహుకాలం దాటాక చేయమని అడిగితే నేను ఎన్నోసార్లు సరేనన్నాను. గంటన్నర ఆగితే రోగికి నష్టం లేనప్పుడు వాదించి సాధించేది లేదు.

నన్ను ఆందోళనకు గురిచేసింది ఆమె మొక్కులోని షరతు. కోమాలోకి వెళ్లినవారిలో చాలామంది కొన్ని వారాలకు కళ్లు తెరుస్తారు, ఎవరినీ గుర్తించకుండానే. 1974లో గ్లాస్గోలో రూపొందించిన కోమా స్కేలులో కళ్లకు, మాటకు, కదలికకు విడివిడిగా మార్కులు వేసేది అందుకే. అరచేతిలో పెట్టిన వేలును పట్టుకోవడం కూడా మెదడు దెబ్బతిన్నవారిలో అసంకల్పితంగా జరగవచ్చు. "వదలండి" అన్నప్పుడు వదిలితే అది వేరే సంగతి. రేపు ఆయన కళ్లు తెరిచారనుకోండి. మొక్కు తీరిందని అమ్మగారు పరుగెత్తుకొని లోపలికి వెళతారు, ఆయన చూపు ఆమె మీద నిలవదు. ఆ క్షణానికి ఆమె సిద్ధంగా లేకపోతే అంతవరకు మీరు దాచినదంతా ఒక్కసారిగా ఆమె మీద పడుతుంది.

కాబట్టి కబురు మోసే పని మీరు మానుకోండి. కారిడార్‌లో నిలబడి కాక, తలుపు వేసిన గదిలో అందరూ కూర్చొని మాట్లాడే సమావేశం కావాలని అడగండి. అమ్మగారు ఉండాలి, ఆమె నమ్మే పెద్దమనిషి ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది. ఆమె మొక్కు సంగతి డాక్టరుకు ముందే చెప్పి ఉంచితే, వేలు పట్టుకున్న విషయం గురించి ఆమె అడిగినప్పుడు ఆయన చులకనగా తీసిపారేయరు. బిల్లు కోసమే వెంటిలేటర్ మీద ఉంచుతున్నారన్న అనుమానం మీ బంధువులలో ఉంటే, దాన్ని కూడా ఆ గదిలోనే బయటపెట్టండి. మాకు అది కొత్త కాదు. కొన్ని వారాలు గట్టిగా ప్రయత్నించి, మార్పు లేకపోతే మళ్లీ కూర్చుందామనే ఒప్పందం చేసుకోవచ్చు. ఫలితం లేని చికిత్సను విరమించే మార్గాన్ని సుప్రీంకోర్టు 2018 తీర్పులో గుర్తించి, 2023లో సులభతరం చేసింది. ఇప్పుడే ఆ దారి పట్టమని కాదు, సంతకం చేస్తే వెనక్కి రాలేమన్న భయం అక్కరలేదని చెప్పడానికే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. మా అయ్యగారు నిన్న రాత్రి అమ్మతో ఫోనులో మాట్లాడారు. పొద్దున పాలు, బొప్పాయి ముక్కలు తీసుకున్నారు; ఇన్సులిన్ మోతాదు ఆమె డాక్టరు మార్చి చెప్పారు. హోమానికి మా పెద్దమ్మ అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశారట, ఇక దాని మీద గొడవ పడదలచుకోలేదు. సమావేశం రేపు సాయంత్రం. ఒక్క సందేహం మిగిలింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకునే బతుకు తనకు వద్దని నాన్న ఎప్పుడూ అనేవారు. ఆ మాట అమ్మ ఎదుట ఎత్తవచ్చా?

క్రిటికల్ కేర్ వైద్యుడు

ఎత్తి తీరాలి, కానీ మీ నోట కాదు. ఈ రోజే డాక్టరుకు చెప్పి ఉంచండి, "ఆయన ఇలాంటి వాటి గురించి ఏమనేవారమ్మా?" అని ఆయన అమ్మగారినే అడుగుతారు. ఆమె ఏం చెబుతారో విన్నాకే సంతకం సంగతి మాట్లాడండి.