ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది, కొరియర్ చేయమంటున్నారు. ఏం చేయాలి?

గౌతమీ తీరం (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పేరోల్ పని చేస్తాను. ల్యాప్‌టాప్ కంపెనీదే. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, జీతాల ఫైలు మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పొద్దున లాగిన్ దగ్గర్నుంచి సాయంత్రం దాకా చార్జర్ పెట్టే ఉంచుతాను.

పోయిన నెల చివర్లో టచ్‌ప్యాడ్ కుడివైపు క్లిక్ పడటం మానేసింది. ఐటీ వాళ్లకు టికెట్ (ఆన్‌లైన్ ఫిర్యాదు) వేస్తే "మౌస్ వాడుకోండి" అని క్లోజ్ చేశారు. ఇప్పుడు టచ్‌ప్యాడ్ అంచు కింద గోరు దూరేంత సందు వచ్చింది. మూత పూర్తిగా పడటం లేదు. బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగుతోంది. తిప్పి చూస్తే అడుగున మధ్య స్క్రూల దగ్గర పొంగి ఉంది.

ఫొటోలు పంపితే ఐటీ వాళ్లు బ్యాటరీకి వారంటీ అయిపోయిందనీ, ప్యాక్ చేసి కొరియర్ చేస్తే వేరేది పంపుతామనీ అన్నారు. తీసుకెళ్తే కొరియర్ ఆఫీసు అబ్బాయి ఒక్కసారి చూసి "ఇది తీసుకోం మేడమ్" అనేశాడు. మా మేనేజర్ గారేమో జీతాలు పడేదాకా ఎలాగోలా అడ్జస్ట్ చేసుకోమంటున్నారు. వీధి చివర మొబైల్ షాపు అతను విప్పి వేరే బ్యాటరీ వేస్తానంటున్నాడు.

ఇంట్లో చిన్న బాబు ఉన్నాడు. రాత్రి దీన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చిప్ లెవెల్ (సికింద్రాబాద్):

ముందు చార్జర్ తీసేయండమ్మా. మిగతాది ఆ తర్వాత చదవండి.

తీశారా? ఇప్పుడు షట్‌డౌన్ చేయండి. మళ్లీ ఆన్ చేయొద్దు, ఒక్క ఫైలు కోసం కూడా వద్దు. మూతను బలవంతంగా నొక్కి మూయొద్దు, పైన బరువు పెట్టొద్దు. పిన్నుతో గుచ్చితే గాలి పోయి సర్దుకుంటుందని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట అస్సలు వినొద్దు. గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతుంది, అంటుకుంటుంది. లిథియం బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది.

రాత్రికి గచ్చు మీదో, రాతి అరుగు మీదో పెట్టండి. ఎండ తగలకూడదు, బాబుకు అందకూడదు, పక్కన పరుపు, కర్టెన్లు, కాగితాలు ఉండకూడదు. బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. వంటగదిలో సిలిండర్ దగ్గర అసలు వద్దు. వేడెక్కినా, బుస్సుమన్నా, ఘాటైన వాసన వచ్చినా దాని జోలికి పోకుండా అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఉబ్బిన ప్రతిదీ అంటుకోదు. కానీ ఏది అంటుకుంటుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

నేను చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర చాలా ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. "టచ్‌ప్యాడ్ పోయింది" అని మా టేబుల్ మీదికి వచ్చేవాటిలో నిజంగా టచ్‌ప్యాడ్ పోయినవి తక్కువ. అడుగు విప్పగానే బ్యాటరీ కనిపిస్తుంది, టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి తోస్తూ. పాత మోడళ్లలో క్లిప్పు నొక్కితే బ్యాటరీ బయటికి వచ్చేసేది, లోపల టార్చిలైటు సెల్లుల్లాంటి గట్టి స్టీలు గొట్టాలు ఉండేవి. ల్యాప్‌టాప్‌లు పల్చబడ్డాక మెత్తటి రేకు సంచుల్లాంటి సెల్స్ వచ్చాయి. రోజంతా 100 శాతం చార్జింగ్‌లో, ఎండాకాలం వేడిలో ఉంటే లోపలి ద్రావకం విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది. ఆ సంచికి బయటికి దారి లేదు, అందుకే ఉబ్బుతుంది. ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు, ప్లగ్‌లో పెట్టి పని చేసుకోవడం ఎవరైనా చేసేదే.

మొబైల్ షాపు అతనికి ఇవ్వకండి. ఉబ్బిన బ్యాటరీని ఇనుప చాకుతో పైకి లేపుతూ చిరగ్గొట్టినవాళ్లను చూశాను. పైగా వస్తువు మీది కాదు, లోపల అందరి జీతాల లెక్కలున్నాయి.

అసెట్ రిజిస్టర్ (బెంగళూరు):

మేడమ్, నేను ఒక కంపెనీలో ఇదే పని చూస్తాను, ఐటీ అసెట్స్, అంటే ఉద్యోగులకిచ్చే ల్యాప్‌టాప్‌లూ అవీ. మీ ఐటీ వాళ్లు కొరియర్ చేయమనడం సరికాదు. పాడైన లిథియం బ్యాటరీని విమానంలో పంపకూడదని అంతర్జాతీయ నిబంధనలు ఉన్నాయి, కార్గోలో అయినా చేతి సంచిలో అయినా. కొరియర్ అబ్బాయి చేసిందే సరైన పని. మీరే బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లి ఇచ్చే ఆలోచన కూడా చేయొద్దు.

కంపెనీలు కొనే ల్యాప్‌టాప్‌లకు తరచూ మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ (మనిషే వచ్చి బాగుచేసేది) ఉంటుంది, కానీ బ్యాటరీకి ఎక్కువగా ఒక్క ఏడాదే. అందుకే వారంటీ లేదన్నారు. కొత్త బ్యాటరీ డబ్బు ఎవరిదన్నది వాళ్లూ తయారీదారూ తేల్చుకుంటారు. ఇంజినీరును మీ ఇంటికి పంపించాల్సింది మాత్రం మీ కంపెనీయే.

పాత టికెట్ మీదే మాట్లాడుతూ కూర్చోకండి. అది "టచ్‌ప్యాడ్" అనే పేరుతో ఉన్నంతకాలం వరసలో చివరనే ఉంటుంది. "బ్యాటరీ ఉబ్బింది, సేఫ్టీ ఇన్సిడెంట్" అని కొత్తది వేయండి. పక్క నుంచి తీసిన ఫొటో, అడుగున ఉన్న సీరియల్ నంబరు పెట్టండి. మేనేజర్ గారిని, హెచ్‌ఆర్‌ను కాపీలో ఉంచండి. ఉబ్బిన బ్యాటరీతో పని కొనసాగించమన్న మాట మెయిల్‌లో రాసి పంపమని మర్యాదగానే అడగండి. నాకు తెలిసి ఆ మెయిల్ ఎవరూ రాయరు, వేరే ల్యాప్‌టాప్ వస్తుంది.

సీరియల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో కూడా చూడమనండి. 2006లో డెల్ సోనీ సెల్స్ ఉన్న బ్యాటరీలను 41 లక్షల దాకా వెనక్కి పిలిచింది. 2019లో ఆపిల్ 15 అంగుళాల పాత మ్యాక్‌బుక్ ప్రోలకు బ్యాటరీలు ఉచితంగా మార్చింది. అలాంటి సందర్భంలో వారంటీతో పని లేదు.

ఓరుగల్లు అనువాదం (హనుమకొండ):

సొంత ల్యాప్‌టాప్‌తో బతికే నాలాంటివాళ్ల కోసం ఒక మాట. గౌతమి గారి విషయంలో కొన్నది కంపెనీ కాబట్టి వినియోగదారుగా ఆవిడ ఫిర్యాదు చేయడం కుదరదు. మనమే కొనుక్కుని, స్వయం ఉపాధి కోసం వాడుకుంటే మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం వినియోగదారులమే. సర్వీస్ సెంటర్ తిప్పుతుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తర్వాత మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీటు, కొన్న బిల్లు పారేయకండి.

గౌతమీ తీరం:

అందరికీ చాలా థాంక్స్ అండి. సేఫ్టీ ఇన్సిడెంట్ అని వేశాక గంటలోపే ఫోన్ వచ్చింది. కాకినాడ నుంచి ఇంజినీరు వస్తున్నారు, స్పేర్ ల్యాప్‌టాప్ రేపు అందుతుందట. మేనేజర్ గారు నా ఫైలు వేరొకరికి ఇచ్చారు. పాతది వరండా గచ్చు మీద ఉంది. చిప్ లెవెల్ గారూ, కొత్తది కూడా రోజంతా చార్జర్‌కే ఉంటుంది. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

చిప్ లెవెల్:

మంచిదమ్మా. చార్జర్ పెట్టే ఉంచండి, కానీ 80 శాతం దగ్గర ఆగేలా సెట్ చేయించండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ ఉంటుంది, ఆసుస్‌కు మైఆసుస్‌లో ఉంటుంది, హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెటప్‌లో) ఉంటుంది. ఆఫీసు మెషీన్ కాబట్టి మీకు లాక్ అయి ఉండొచ్చు, అలాగైతే ఐటీ వాళ్లనే చేయమనండి. పరుపు మీద పెట్టి వాడకండి, గాలి ఆడదు. అప్పుడప్పుడు బల్ల మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి. ఊగిందంటే చార్జర్ తీసేసి టికెట్ వేయండి. ఇంజినీరు తీసిన పాత బ్యాటరీని ఆయనే పట్టుకెళ్లాలి, మున్సిపాలిటీ చెత్త బండిలో వేయనివ్వకండి.