బరువంతా థైరాయిడ్ వల్లేనా? రెండేళ్లలో 12 కిలోలు పెరిగాను

ఇందూరు అమ్మాయి:

నమస్తే అండి. నాకు 36 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు. నైట్ షిఫ్ట్ ఉద్యోగంలో చేరినప్పుడు 60 కిలోలున్నాను, రెండేళ్లు తిరిగేసరికి 72కి వచ్చాను. పోయిన నెల రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోను, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుందట) 6.1 వచ్చింది, డాక్టరు గారు 25 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. అప్పటి నుంచి ఇంట్లో, ఆఫీసులో అందరిదీ ఒకటే మాట, ‘థైరాయిడ్ కదా, ఇక తగ్గవులే’ అని. విన్నప్పుడల్లా ఏడుపొస్తోంది.

అన్నం మానేసి చపాతీలే తింటున్నాను. రాత్రి ఎనిమిదింటికి తిని బయల్దేరతాను. రెండింటికి బ్రేక్‌లో టీ, రెండు సమోసాలు. పొద్దున ఆరున్నరకు ఇంటికి రాగానే అత్తమ్మ వేడివేడిగా ఉప్మానో దోశలో పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు. మాత్ర వేసుకుని, అవి తిని పడుకుంటే పన్నెండు కాకముందే వీధిలో చప్పుళ్లకు మెలకువ వచ్చేస్తుంది. మళ్లీ ఒంటిగంటకు భోజనం. నిజంగా ఇదంతా థైరాయిడేనా? ఇంకేమైనా పరీక్షలు చేయించుకోవాలా?

కరీంనగర్ తమ్ముడు:

అక్కా, వేరే మందులేమైనా వాడుతున్నారా? అవి కూడా చూసుకోండి. మా నాన్నకు మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఒకాయన పేరు లేని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. నొప్పి ఒక్క పూటలో పోయేది, ఆకలి మాత్రం విపరీతం. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట ముందుకొచ్చింది, కాళ్లు సన్నబడ్డాయి. పట్నంలో డాక్టరు చూసి స్టెరాయిడ్ అని చెప్పారు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు.

గోదావరి డైటీషియన్:

అమ్మా, ‘ఇక తగ్గవు’ అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, ఆ మాట విని నడకా తిండీ రెండూ వదిలేసినవాళ్లను ఎంతమందిని చూశానో.

థైరాయిడ్ మందగిస్తే పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి ఐదు కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మీ 6.1 అంత పెద్ద తేడా కాదు. అసలు బరువు పెరిగినందువల్ల టీఎస్‌హెచ్ కాస్త పెరిగేవాళ్లూ ఉంటారు. మాత్ర మానకండి. కానీ 12 కిలోలూ దాని ఖాతాలో రాయకండి.

లెక్క చూడండి. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 12 కిలోలను రెండేళ్ల మీద పంచితే రోజుకు 125 చిల్లర. ఒళ్లు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది కాబట్టి అసలు అంకె ఇంకొంత ఎక్కువే, అయినా ఇది తిండిపోతుల లెక్క కాదు. మీ సమోసా ఒక్కటే 200 దాటుతుంది. ఒక పెద్ద చెంచా నూనె 120. అన్నం బదులు చపాతీ తింటే కేలరీల్లో పెద్ద తేడా రాదు, పైన నూనె రాస్తే ఇంకా పెరుగుతాయి.

ఇంట్లో నూనె ఎంత వాడుతున్నారో మీరు రాయలేదు. ముగ్గురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోతోందంటే మనిషికి రోజుకు 50 గ్రాములు. పెద్దగా ఒళ్లు అలవని పని చేసే ఆడవాళ్లకు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క 20 గ్రాములు, మగవాళ్లకు 25. ఈసారి డబ్బా తెరిచిన రోజు దాని మీదే తేదీ రాయండి.

నిద్ర సంగతి ఇంతకంటే పెద్దది. ఐదు గంటల నిద్రతో ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి రెండింటికి సమోసా మీద మనసు పోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పైగా ఆ వేళ తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు పగటిలా అరాయించుకోలేదు. మీకు రోజుకు మూడు పూటలు కాదు, నాలుగయ్యాయి. ఎనిమిదింటి భోజనం కడుపునిండా తినండి. రెండింటికి ఉడికించిన గుడ్డు, శనగలు, మజ్జిగ తీసుకెళ్లండి. అత్తమ్మ గారితో నెమ్మదిగా మాట్లాడి ఆ ఉప్మాను పడుకుని లేచాక మొదటి తిండిగా మార్చుకోండి. గదికి మందపాటి పరదాలు, చెవులకు దూది పెట్టుకోండి.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె, 29. మన దేశంలో 25 నుంచే ఊబకాయం కింద లెక్క, ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. నెలసరి క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) సంగతీ డాక్టరును అడగండి.

ఇందూరు అమ్మాయి:

చాలా థాంక్స్ అండి. నూనె మీరన్నట్టే, నెల తిరక్కుండానే డబ్బా ఖాళీ. అత్తమ్మ కూడా మోకాళ్లకు ఏవో పొట్లం మాత్రలు వాడుతున్నారు, తమ్ముడు రాసింది చదివి భయమేసింది, రేపే డాక్టరుకు చూపిస్తాం. ఒక్క సందేహం. ఇంటికి రాగానే తినడం మానేస్తే థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

గోదావరి డైటీషియన్:

ఆరున్నరకే, పడుకునే ముందు నీళ్లతో. రాత్రి రెండింటి తర్వాత ఏమీ తినకపోతే అప్పటికి కడుపు ఖాళీగానే ఉంటుంది, కనీసం మూడు గంటల ఎడం చాలు. వచ్చే దారిలో టీ కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చేయించి, వేళ మార్చిన సంగతి డాక్టరుకు చెప్పండి.